అనన్యభక్తునకు అన్యాలయ దర్శనము

తీర్థయాత్ర చేయువానికి మార్గమున రెండు విధములైన సందేహములు కలుగును. మొదటిది శరీరమునకు సంబంధించినది. ఎచట బసచేయవలెను, ఏమి భుజింపవలెను, చలికి ఏమి కప్పుకొనవలెను అనునట్టివి దానిలోనివి. వీనికి సమాధానము లౌకికు లెవరైనను చెప్పగలరు. రెండవది మనస్సునకు సంబంధించినది. తాను కొలుచు స్వామి సన్నిధికి పోవు దారిలో ఇతర దేవతల ఆలయములు, ఇతర మతస్థుల పూజాస్థానములు ఎదురైనపుడు తానేమి చేయవలెను? చేతులు జోడింపవలెనా? ముఖము త్రిప్పుకొని పోవలెనా? వింతగా చూచి, ఛాయాచిత్రము తీసికొని మరలవలెనా? ఇది చిన్న ప్రశ్నవలె తోచును. కాని విచారించినకొలది భక్తి యనగా ఏమి యను మూలప్రశ్న దీనిలోనే ఇమిడియున్నదని తెలియును.

ఈ ప్రశ్న మిక్కిలి స్పష్టముగా ఎదురగు చోటు నేపాళదేశము. ఆళ్వారులు మంగళాశాసనము చేసిన నూట యెనిమిది దివ్యదేశములలో ఒకటియైన సాలగ్రామక్షేత్రము ఆ దేశముననే, గండకీనది ఎగువభాగమున, 3,700 మీటర్లకు మించిన ఎత్తున, ముక్తినాథమను పేర వెలసియున్నది. అచటికి పోవు దక్షిణాది యాత్రికులు పెక్కురు మొదట ఖాట్మండు నగరమున దిగి, పొఖరా మీదుగ జోమ్‌సోమ్ చేరుదురు. కొండలలో గాలియు మబ్బును అనుకూలింపనిదే అచటి చిన్న విమానములు ఎగురవు. అందుచే యాత్రికులు ఖాట్మండులో ఒకటి రెండు దినములు ఊరక నిలువవలసివచ్చుట కలదు.

అట్టి యాత్రికులలో కృష్ణాతీరమునకు చెందిన ఒక శ్రీవైష్ణవ గృహస్థు కలడనుకొనుడు. వయస్సు డెబ్బదికి దగ్గర. పంచసంస్కారములు పొందినవాడు. నిత్యము తిరువారాధనము ముగించి గాని భుజింపనివాడు. వెంట పదునాలుగేండ్ల మనుమడు. విమానము మరునాటికి వాయిదాపడగా ఒక పగలు చేతిలో మిగిలెను. తోడి యాత్రికులు ఒక వాహనము కుదిర్చి పశుపతినాథము, బౌద్ధనాథము, చాంగు నారాయణము, భక్తపురము, లలితపురము చూచి రావలెనని నిశ్చయించిరి. వృద్ధుడును మనుమనితో బయలుదేరెను.

ఆ లోయ పుట్టుకను గూర్చిన కథయే ఈ ప్రశ్నకు ప్రవేశద్వారము వంటిది. పూర్వ మదియంతయు ఒక మహాసరస్సనియు, దాని నడుమ పద్మముపై ఒక జ్యోతి వెలసెననియు, మంజుశ్రీ బోధిసత్త్వుడు ఖడ్గముతో దక్షిణపు కొండను చీల్చి నీటిని పోనిచ్చెననియు బౌద్ధుల స్వయంభూపురాణము చెప్పును. ఆ జ్యోతి వెలసిన చోటే నేటి స్వయంభూ చైత్యమని వారి విశ్వాసము. ఆ కొండను చీల్చినవాడు శ్రీకృష్ణుడని మరొక కథ హిందువులలో వాడుకలో నున్నది. సరస్సు ఒకటే, నీరు పోయిన గండి ఒకటే, దారి చేసినవా డెవడను చోట మాత్రము ఒక్కొక్క ఇంట ఒక్కొక్క నామము వినబడును. ఇట్టి నేలపై నడుచువాడు ప్రశ్నను తప్పించుకొని నడువలేడు.

ప్రాతఃకాలమున బాగ్మతీ తీరమున పశుపతినాథుని దర్శనమైనది. అచటి ప్రధానార్చకులు దక్షిణదేశమునుండి వచ్చిన భట్టులు. ఎన్నో తరములుగ ఈ ఆచారము నడచుచున్నది. బృందములో పట్టుదల గల ఒక వైష్ణవుడు లోనికి రాక వాహనమునొద్దనే నిలిచెను. వృద్ధునకు మాత్రము అచట సంకోచము కలుగలేదు. తిరుమల కొండ పాదమున కపిలతీర్థమునందు కపిలేశ్వరుని దర్శించి కొండ యెక్కు భక్తు లెందరో కలరు. కొండపై గోగర్భమునొద్ద క్షేత్రపాలకునిగ నున్న రుద్రునకు మహాశివరాత్రినాడు అభిషేకము జరుగుచునే యున్నది. భాగవతము శంభుని వైష్ణవులలో అగ్రగణ్యునిగ కీర్తించినది. స్వామి క్షేత్రమును కాచువానికి చేతులు జోడించుట స్వామికి అపచారము కాదని ఆయన చిన్ననాటనే పెద్దలవలన వినియుండెను. సంవత్సరమున ఒక దినమున ఆ పశుపతిలింగమునకే బుద్ధుని కిరీటము అలంకరించి బౌద్ధులు పూజింతురని అచటివారు చెప్పగా మనుమడు ఆశ్చర్యపడెను. వృద్ధుడు మాత్ర మేమియు పలుకలేదు.

అసలు చిక్కు బౌద్ధనాథమున వచ్చినది. పశుపతినాథమునకు ఈశాన్యముగ కొలదిదూరముననే ఆ మహాస్తూపము తెల్లని కొండవలె నిలిచియున్నది. అర్ధగోళముపై చతురస్రమైన హర్మిక, దాని నాలుగు వైపుల చిత్రింపబడిన విశాలనేత్రములు, పైన స్వర్ణచ్ఛాయతో మెరయు శిఖరము. 2015 ఏప్రిల్ 25వ తేదీ భూకంపమున ఆ శిఖరము దెబ్బతినగా, మరుసటి సంవత్సరముననే దానిని పునరుద్ధరించిరి. 1959 తరువాత తిబ్బతునుండి వచ్చిన శరణార్థు లెందరో ఆ స్తూపము చుట్టును స్థిరపడిరి. చుట్టు గోడలో అమర్చిన మంత్రచక్రములను త్రిప్పుచు, షడక్షరీ మంత్రమును జపించుచు, జనులు ప్రదక్షిణము చేయుచుందురు. ఆ ప్రదక్షిణము మన ప్రదక్షిణమువలెనే కుడివైపుగ సాగును. ఒక ముదుసలి స్త్రీ అడుగడుగునకు నేలపై సాగిలపడి, లేచి, మరల సాగిలపడుచు ముందునకు సాగుచుండెను. ఆమె అరచేతులకు చెక్కముక్కలు కట్టుకొనియుండెను. నుదుట ధూళి అంటియుండెను.

మనుమడు చాలసేపు ఆమెను చూచి, "తాతగారూ, ఇచట మనము నమస్కరింపవచ్చునా?" అని అడిగెను.

వృద్ధుడు బదులు చెప్పలేకపోయెను. చేతులు సగమువరకు లేచి ఆగిపోయెను. తోడివారు ముగ్గురు మూడు విధములుగ సమాధానము చెప్పిరి. ఆ మూడును లోకమున నిత్యము వినబడునవియే గనుక ఒక్కొక్కదానిని పరిశీలించుట మంచిది.

మొదటివాడు, "దీనిలో సందేహమేమున్నది? అందరు దేవుళ్ళు ఒక్కటే. బుద్ధుడు మన విష్ణువు అవతారమే గదా! నిశ్చింతగ మ్రొక్కుము" అనెను. ఈ మాట వినుట కింపుగ నుండును. కాని దీనిలో రెండు లోపములు కలవు. పురాణములు బుద్ధావతారమును చెప్పిన మాట నిజమే. అయితే ఆ అవతారప్రయోజనము అసురులను మోహింపజేయుట యని అచటనే చెప్పబడినది. దక్షిణదేశపు శ్రీవైష్ణవులు దశావతారములను లెక్కించునపుడు బుద్ధునికి మారుగ బలరాముని చెప్పుటయు పరిపాటియే. కావున ఈ వాక్యము బౌద్ధునకు మనము చేయు గౌరవమని తలంచుట తొందరపాటు. అతడు దీనిని అంగీకరించియు నుండడు. జగత్కర్తయైన ఈశ్వరుని బౌద్ధదర్శనము ఒప్పుకొనదు. అతడు కాదనిన దానిని అతని తలపై మోపి, 'నీవును నేనును ఒక్కటే' యనుట స్నేహము కాదు. ఇక రెండవ లోపము. అన్నియు ఒక్కటే యని సులువుగ పలుకువాడు సాధారణముగ దేనిని గూర్చియు లోతుగ తెలిసికొనడు. తెలిసికొను శ్రమను తప్పించుకొనుటకే ఆ మాట పలుకువారు పెక్కురు.

రెండవవాడు ఉదయమున వాహనమునొద్ద నిలిచిన వైష్ణవుడే. "దేవతాంతరమును కన్నెత్తి చూడరాదు. పతివ్రత పరపురుషుని చూచునా? అనన్యభక్తియన నదియే" అనెను. ఈ మాటలో గొప్ప సత్యమున్నది. శరణాగతి ఒక్క పర్యాయమే, ఒక్కనికే చేయబడునది. ఆపద వచ్చినపుడెల్ల గుడి మార్చువాడు, కోరిక తీరినదా లేదా యని దేవతలను పరీక్షించువాడు భక్తుడు కాడు. అతడు బేరము చేయువాడు. కాని పతివ్రతా దృష్టాంతమును ఈతడు సగమే చెప్పెను. పతివ్రత భర్తను తప్ప అన్యుని భర్తగ తలంపదు. అంతమాత్రమున అత్తమామలకు మ్రొక్కుట మానదు. ఇంటికి వచ్చిన అతిథిని తృణీకరింపదు. పరుగింటివారి దుఃఖమును చూచి ముఖము త్రిప్పుకొనదు. భర్తపై ప్రేమ యున్నదని చూపుటకు తక్కినవారిని ద్వేషింపవలసిన యవసర మామెకు లేదు.

మూడవవాడు సమాధానమే చెప్పలేదు. సాగిలపడుచున్న ముదుసలి ముఖమునకు మిక్కిలి సమీపమున చరవాణి నుంచి చిత్రము తీసికొనెను. ఆమె ఒక క్షణ మాగి, తల వంచుకొని ప్రక్కకు తొలగెను. మొదటి ఇరువురును పొరబడినను ఆ స్థలము ఒక పూజాస్థానమని గుర్తించిరి. ఈతడు మాత్రము దానిని వేడుకశాలగ నెంచెను. నేటి యాత్రలలో ఎక్కువగ పెరుగుచున్న దోష మిదియే. మ్రొక్కనివాడు అపరాధి కాడు. మ్రొక్కుచున్నవానిని వస్తువుగ చూచువాడు అపరాధి.

వృద్ధు డచట మ్రొక్కలేదు, ముఖము త్రిప్పుకొనను లేదు. పైపంచె భుజమునుండి దించి నడుమునకు చుట్టుకొని, ఆ ముదుసలి దాటిపోవువరకు తల వంచుకొని ప్రక్కన నిలిచెను. మనుమని ప్రశ్న మనస్సులో నిలిచిపోయెను.

మధ్యాహ్నమునకు ముందే చాంగు నారాయణము చేరిరి. లోయ తూర్పుభాగమున ఒక కొండకొనపై నున్న ఈ ఆలయము మిక్కిలి ప్రాచీనమైన విష్ణుస్థానము. పూర్వశాసనములలో ఈ స్వామికి దోళాశిఖరస్వామి యని పేరు. నేడున్న కట్టడము 1702లో జరిగిన అగ్నిప్రమాదము తరువాతిది. కాని ప్రాంగణములోని శిలావిగ్రహములు అంతకంటె ఎంతో పూర్వపువి. విశ్వరూపుడు, త్రివిక్రముడు, నరసింహుడు, గరుడారూఢుడైన నారాయణుడు అచట రాతిలో సజీవులవలె నున్నారు. స్వామి కెదురుగ మోకాలిపై నిలిచి అంజలి ఘటించిన గరుత్మంతుని చూచి వృద్ధుని కన్నులు చెమర్చెను. వేయి మైళ్ళ దూరమున తన ఇంటి గడప కనబడినట్లు తోచినది.

అచటనే ఒక శిలాస్తంభముపై లిచ్ఛవిరాజైన మానదేవుని సంస్కృతశాసనమున్నది. దానికాలము శకము 386, అనగా క్రీ.శ. 464. నేపాళచరిత్రకు ప్రాచీనమైన ఆధారములలో ఇది ముఖ్యము. దిగ్విజయములు, దానములు అన్ని శాసనములలోను ఉండును. దీనిలో ఒక గృహవృత్తాంతము కూడ నున్నది. మానదేవుని తండ్రి ధర్మదేవుడు మరణించెను. తల్లి రాజ్యవతి భర్తతో సహగమనము చేయ నిశ్చయించి, కుమారుని పిలిచి రాజ్యము నేలుకొమ్మని చెప్పెను. అతడు తల్లి పాదములపై పడి, ఆమె లేక తాను జీవింపలేననియు, ఆమెకంటె ముందు తానే ప్రాణములు విడుతుననియు విలపించెను. ఆమె మనస్సు కరగి నిలిచిపోయెను. కుమారునితో కూడి భర్తకు ఉత్తరక్రియలు జరిపించెను.

వృద్ధుడు ఈ కథను మనుమనికి వివరించి ఒక క్షణ మాగెను. ఉదయమునుండి మనస్సులో మెదలుచున్న పతివ్రతా దృష్టాంతము ఇచట పూర్తియైనది. రాజ్యవతి పాతివ్రత్యము ఆమె జీవించుటవలన చెడినదా? చెడలేదు. ఆ కుమారు డెవరి కుమారుడు? ఆమె భర్త కుమారుడే. అతనిని కాపాడుట భర్తకు ద్రోహము కాదు. భర్తకు చేయు సేవయే. అటులనే, ఈ జగత్తంతయు ఎవనిది? శ్రీమన్నారాయణునిది. సకల చేతనాచేతనములు ఆయనకు శరీరమనియు, ఆయన సర్వాంతర్యామి యనియు శ్రీరామానుజుల సిద్ధాంతము. అట్లయినపుడు బౌద్ధనాథమున సాగిలపడిన ఆ ముదుసలి ఎవరిది? ఆమె హృదయమునను ఉన్నవా డెవడు? స్వామికి చెందినదానిని ఆదరించుట స్వామికి దూరమగుట ఎట్లగును?

కాని పరీక్ష అంతటితో ముగియలేదు. ఆలయప్రాంగణమున ఒక నేవారు కుటుంబము స్వామికి దీపము వెలిగించుచుండెను. వారు బౌద్ధులు. వారి సంప్రదాయమున ఈ నారాయణునకు హరిహరిహరివాహన లోకేశ్వరుడని పేరు. సింహముపై గరుడుడు, గరుడునిపై విష్ణువు, విష్ణువుపై లోకేశ్వరుడైన అవలోకితేశ్వరుడు ఆసీనుడైనట్లు వారి శిల్పములలో చూపుదురు. 'హరి' యను శబ్దమునకు సింహము, గరుడుడు, విష్ణువు అను మూడు అర్థములను కూర్చి ఆ నామమును కల్పించిరి. తన స్వామి మరొకనికి వాహనమా! ఈ సంగతి వినగానే వృద్ధుని గుండె కలుక్కుమన్నది. బృందములోని వైష్ణవుడు కోపముతో అచటినుండి వెడలిపోయెను.

వృద్ధుడు గరుడుని ప్రక్కన కూర్చుండి చాలసేపు ఆలోచించెను. వారు మన స్వామిని తమ లోకేశ్వరునకు వాహనమనిరి. మనము వారి బుద్ధుని మన స్వామి అవతారమనియు, అదియును మోహనార్థమనియు అంటిమి. ఈ తక్కెడ యందు ఎవరి సిబ్బె బరువు? ఎవరి ఇంటిలో వారు ఎదుటివారికి క్రింది పీఠమే వేసిరి. కాని ఇరువురును పీఠము వేసిరి, తలుపు మూయలేదు. ఆ నేవారు తల్లి వెలిగించిన దీపము ఈ గర్భగృహము ముందరనే వెలుగుచున్నది. ఆమె ఎవరిని తలంచి వెలిగించినను వెలుగు పడునది ఈ స్వామి ముఖముపైననే. తన హృదయమున కలిగిన బాధ స్వామిపై ప్రేమకు చిహ్నము గనుక దానిని దాచుకొన నక్కరలేదు. ఆ బాధ కోపమగునెడల అది స్వామిపై ప్రేమ కాదు, తనపై ప్రేమ. ఈ వివేకము కలుగగనే ఆయన లేచి, స్వామికి సాష్టాంగము చేసి, తన దైవమును తన మంత్రముతో తాను సేవించుకొనెను. ప్రక్కనున్న తల్లి తన విధమున తాను సేవించుకొనెను. ఎవరి అంజలి ఎవరికి చేరినదో నిర్ణయించు భారము లోనున్నవానిది.

దిగివచ్చు దారిలో మనుమడు మరల అడిగెను: "అయినచో వారు చెప్పునదియు సత్యమే యని మన మొప్పుకొనినట్లా?"

"కాదు. శ్రీభాష్యమున రామానుజులవారు బౌద్ధమతమును ఖండించిరి. ఆ ఖండనము నేటికిని మనకు ప్రమాణమే. అయితే వారు ఖండించిన రీతిని గమనింపుము. మొదట ఎదుటివాని వాదమును పూర్వపక్షముగ నిలిపిరి. దాని బలమును చూపిన పిమ్మటనే తమ సిద్ధాంతమును చెప్పిరి. ఎదుటివాని మాటను పూర్తిగ వినుటయే బుద్ధితో చేయు నమస్కారము. తెలియనిదానిని తిట్టుట ఖండనము కాదు" అని వృద్ధుడు పలికెను.

ఇచట విషయమును విభజించి చూచిన చిక్కు విడును. భక్తుని యొద్ద మూడు వస్తువు లున్నవి: శరణము, గౌరవము, విచారము. శరణము ఒక్కనికే. అది పంచిపెట్టదగినది కాదు. గౌరవము సత్యమును వెదకు ప్రతి జీవికిని చెందును. దానిని ఎంత పంచినను తరుగదు. విచారము సిద్ధాంతములకు చెందినది. అచట మొగమాటము పనికిరాదు. మొదటి యాత్రికుడు గౌరవమును చూపబోయి విచారమును విడిచెను. రెండవవాడు శరణమును కాపాడుకొనబోయి గౌరవమును విడిచెను. మూడవవానికి మూడింటిలో ఏదియు లేదు. ఈ మూడింటిని వేరువేరుగ నిలుపుకొన్నవానికి ఏ ఆలయద్వారమునను కాలు తడబడదు.

పెద్ద లొక మాట చెప్పుదురు: నమస్సు అనగా 'న మమ', నాది కాదు అని. శరణాగతుడు స్వామి యెదుట ఈ మాటను సంపూర్ణార్థమున పలుకును. అన్యుల పూజాస్థానమున జోడించు అంజలికి అంతటి అర్థము లేకపోయినను ఒక చిన్న అర్థమున్నది. 'సత్యాన్వేషణము నా యొక్కని సొత్తు కాదు' అని దాని భావము. ఈ మాత్రము వినయము స్వామికి సమ్మతము కాకుండునా?

భక్తపురమున బృందము ఎక్కువసేపు నిలువలేదు. భూపతీంద్రమల్లుడు 1702లో నిర్మించిన న్యాతపోల యను అయిదంతస్తుల ఆలయము అచట ప్రసిద్ధము. మెట్ల కిరువైపుల క్రిందనుండి పైకి మల్లులు, ఏనుగులు, సింహములు, శరభములు, దేవతలు జంటలుగ కాపున్నారు. ప్రతి జంటయు క్రింది జంటకంటె పది రెట్లు బలము గలదని అచటివారందురు. లోని సిద్ధిలక్ష్మిని అర్చకులు తప్ప ఇతరులు చూడరాదు. 1934లోను 2015లోను భూకంపములు ఆ పట్టణమున ఎన్నో కట్టడములను కూల్చినను ఇది నిలిచెను. అయిదు వరుసల విశాలపీఠముపై అది నిలిచియుండుట చూచి వృద్ధుడు, "చూచితివా నాయనా! తన అనుష్ఠానమున గట్టి పునాది గలవాడు ఇతరుల గుడిలో కాలు పెట్టినంతమాత్రమున కూలిపోడు. కూలుదునేమో యని భయపడువాడు ముందు తన పునాదిని చూచుకొనవలెను" అనెను.

సాయంకాలమునకు లలితపురము చేరిరి. సిద్ధినరసింహమల్లుడను రాజు 1637లో నిర్మించిన కృష్ణమందిరము అచటి రాజప్రాంగణమున శిలామయమై, ఇరువదియొక్క శిఖరములతో విరాజిల్లుచున్నది. ఒక అంతస్తు చుట్టును భారతకథ, దానిపై అంతస్తున రామాయణకథ సన్నని పట్టికలుగ చెక్కబడియున్నవి. ఎదుట ఉన్నతస్తంభముపై గరుత్మంతుడు. 2015 భూకంపమున ఆ ప్రాంగణమునందలి చార్ నారాయణ, హరిశంకర ఆలయములు నేలకూలగా కృష్ణమందిరము నిలిచెను.

ఆ వీధులలో తరతరములుగ లోహవిగ్రహములు పోయు శాక్యకులజులు నివసింతురు. వారు బౌద్ధులు. మైనముతో ప్రతిమ చేసి, మట్టి పూసి, కాల్చి మైనమును కరగించి, ఆ గర్భములో లోహము పోయు మధూచ్ఛిష్టవిధానమున వారు ఆరితేరినవారు. ఏ చేతులు తారాదేవిని, బుద్ధుని పోయునో ఆ చేతులే విష్ణువును, లక్ష్మిని పోయును. బుద్ధుని కనురెప్ప దిద్దునపుడు చూపు శ్రద్ధను విష్ణువు కనురెప్ప దిద్దునపుడు తగ్గించిన శిల్పి శిల్పి కానేరడు. ఖాట్మండు నగరమున కుమారిగ పూజింపబడు బాలికయు శాక్యుల బౌద్ధగృహమున పుట్టినదే. హిందూరాజులు ఆమె యందు తలేజు భవానిని భావించి ఆమెచే తిలకము ధరించిరి. 2008లో రాజరికము ముగిసినను ఆ పూజ నిలిచియున్నది.

కృష్ణదర్శనము చేసికొని కొలది అడుగులు నడువగా హిరణ్యవర్ణ మహావిహారము. తోలువస్తువులు బయట విడువవలెనని అచటి నియమము. పండ్రెండేండ్లు నిండని బాలు డొకడు నెలదినములు నియమముతో అచట ప్రధానార్చకత్వము వహించును. తనకంటె చిన్నవాడైన ఆ బాలుని చూచి మనుమడు నిశ్శబ్దుడయ్యెను. చేతులు వాటంతట అవి జోడింపబడెను. వెంటనే అనుమానించి, "తాతగారూ, చేతులు ఇచట జోడించి మనస్సున నారాయణుని తలంచితిని. ఇది వీరిని మోసగించుట కాదా?" అని అడిగెను.

ఇది ఆ దినమంతటిలోను కఠినమైన ప్రశ్న. వృద్ధుడు, "నీవు వారివాడ వని నటించినచో మోసము. వారి దీక్ష పుచ్చుకొని మనస్సున వెక్కిరించినచో మోసము. అంజలికి అర్థము గౌరవము. ఆ బాలుని నియమము చూచి నీకు గౌరవము కలిగినది నిజమేనా?" అనెను. "నిజమే." "అట్లయిన నీ చేతులు అబద్ధమాడలేదు. ఎవరైన అడిగినచో మన సంప్రదాయమును దాచక చెప్పుము." అంతలో అచటి పరిచారకు డొకడు హిందీలో, మీ రెచటివారని ప్రశ్నించెను. వృద్ధుడు తా మాంధ్రదేశీయుల మనియు, నారాయణదాసుల మనియు, ముక్తినాథమునకు పోవుచున్నా మనియు చెప్పెను. అతడు నవ్వి, ముక్తినాథము తమకును పుణ్యస్థలమే యని పలికి, దారి చూపెను. అపుడు వృద్ధుని చేతులును జోడింపబడెను. బౌద్ధనాథమున సగములో ఆగిన అంజలి ఇచట పూర్తియైనది.

రాత్రి బసలో సంధ్యావందనము, మంత్రజపము యథావిధిగ ముగిసిన పిమ్మట వృద్ధుడు మనుమనికి మరొక విషయము చెప్పెను. ఖాట్మండునకు వాయవ్యమున నాగార్జునమను కొండ కలదు. ఆచార్య నాగార్జునుడు అచట ధ్యానము చేసెనని అచటివారి నమ్మకము. ఆ ఆచార్యుని పేరనే వారి సొంత కృష్ణాతీరమున నాగార్జునకొండ యున్నది. మూడవ శతాబ్దమున అచట నేలిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికుడు. ఆయన సోదరి శాంతశ్రీ బుద్ధుని మహాచైత్యమునకు దాత్రి. అన్న యజ్ఞశాలలో, చెల్లెలు చైత్యమున. ఆ లోయయందే అష్టభుజస్వామి యను పేర విష్ణ్వాలయమును వెలసినది. "నీవు ఈ దూరదేశమున వింతగ చూచినది మన యేటి గట్టున, మన పూర్వుల ఒక్క ఇంటిలోనే యుండినది" అని ఆయన చెప్పెను.

ఇక ముక్తినాథ క్షేత్రమునే చూడుడు. ఆళ్వారులు కీర్తించిన ఆ స్వామిని తిబ్బతీయ బౌద్ధులు అవలోకితేశ్వరునిగ భావింతురు. నూట యెనిమిది ధారలలో స్నానమాడి వైష్ణవులు స్వామిని సేవించుచుండ, బౌద్ధభిక్షుణులు ఆలయమును కనిపెట్టుకొని యుందురు. దివ్యదేశమునకు పోవు దారిలో ఎదురైన ప్రశ్న దివ్యదేశములోను తప్పదు. దానికి సమాధానము ముందే వెదకికొన్నవాడు స్వామి సన్నిధిలో చంచలచిత్తుడు కాక నిలువగలడు.

కావున యాత్ర చేయు గృహస్థులు కొన్ని నియమములు పాటించుట మేలు. తన నిత్యానుష్ఠానమును యాత్ర పేర విడువరాదు. ఇతరుల పూజాస్థానమునకు పోవుటకు ముందు దానిని గూర్చి కొంత తెలిసికొనవలెను. వారి నియమములను, పాదరక్షలు మొదలు ప్రదక్షిణ క్రమమువరకు, తన యింటి నియమములవలె పాటింపవలెను. ప్రార్థించువారి ముఖములను చిత్రములకు గురిచేయరాదు. మ్రొక్కుటకు మనస్సు రానిచో మౌనముగ నిలుచుట దోషము కాదు. పరిహసించుట మాత్రము భాగవతాపచారముతో సమానమైన దోషము. పిల్లలు అడిగిన ప్రశ్నలను కసరి అణచరాదు. పెద్దలకు తోచని సమాధానము వారి ప్రశ్నవలననే దొరకవచ్చును.

మరునాటి యుదయమున ఆకాశము తేటపడెను. విమానమునొద్ద ఆ వృద్ధుడు, కోపగించి వెడలిన వైష్ణవుని ప్రక్కననే కూర్చుండి, అతనికి చాంగు నారాయణుని తులసీదళ మిచ్చెను. అతడు కన్నుల కద్దుకొని పుచ్చుకొనెను. తన స్వామిని విడువకయు, ఇతరుల హృదయమును నొప్పింపకయు నడువగల భక్తియు వివేకమును సర్వాంతర్యామియైన శ్రీమన్నారాయణుడు యాత్రికుల కెల్లరకు ప్రసాదించుగాక.